ఒకే జాతి నల్లి, వేర్వేరు నడతలు

మొక్కలను పీల్చే నల్లుల గురించి, వాటిని ఎదుర్కోవడానికి మొక్క చేసే ప్రయత్నాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ప్రశ్నలు వేర్వేరుగా వచ్చినా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి వరుసగా చదివితే మేలు.

ప్రశ్న: రెండు చోట్ల ఒకే టమాటా వంగడాన్ని పెంచాము. రెండు చోట్లా పట్టింది ఎర్రనల్లేనని నిపుణులు నిర్ధారించారు. అయినా ఒకచోట ఆకులు కొద్ది రోజుల్లోనే పాలిపోయి గూళ్లతో నిండిపోయాయి. రెండో చోట నల్లి వచ్చి చేరినా పెద్దగా పెరగలేదు. జాతి ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు: ఇటువంటి తేడా కనిపించినప్పుడు మొదట వాతావరణాన్ని అనుమానించడం సబబే. వేడి, పొడి గాలి, మొక్కకు అందిన నత్రజని, చుట్టుపక్కల ఉన్న పరభక్షకాలు, ఇవన్నీ నల్లి పెరుగుదలను నిర్ణయిస్తాయి. అయితే వీటన్నింటినీ సమానం చేసి, ఒకే గదిలో, ఒకే వయసున్న మొక్కల మీద వేర్వేరు చోట్ల సేకరించిన ఎర్రనల్లులను వదిలినప్పుడు కూడా తేడా చెరిగిపోదు. ఆ మిగిలిన తేడా నల్లి జన్యువుల్లో ఉంది.

ఇది అర్థం కావాలంటే నల్లి ఎలా తింటుందో దగ్గరగా చూడాలి. టెట్రానికస్ అర్టికే అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ ఎర్రనల్లిలో పెద్ద ఆడది సుమారు అర మిల్లీమీటరు పొడవుంటుంది. ఆకు అడుగు భాగాన నిలబడి, సూది వంటి తన నోటి భాగాన్ని పైపొర కణాల మధ్య సందులోంచో, పత్రరంధ్రంలోంచో లోపలికి దించి, ఆకుపచ్చని పదార్థం ఉన్న కణాన్ని పొడిచి, అందులోని సారాన్ని పీల్చేసి, తర్వాత పక్క కణానికి వెళుతుంది. ఆకు మీద మనకు కనిపించే తెల్లని చుక్క అలా ఖాళీ అయిన కణాల గుంపు. పొడిచిన ప్రతిసారీ నల్లి లాలాజలం కూడా మొక్కలోకి చేరుతుంది. మొక్కకు నల్లి ఉనికి తెలిసేది, నల్లి మొక్కను ప్రభావితం చేసేది ఆ చోటనే.

గాయాన్ని గుర్తించిన మొక్క కొద్ది గంటల్లోనే జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోనును, దానితోపాటు సాలిసిలిక్ ఆమ్లాన్ని కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. వాటి సంకేతంతో రక్షణ జన్యువులు మేల్కొంటాయి. మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములను అడ్డుకునే నిరోధకాలు ఆకులో పేరుకుంటాయి. వాటిని మింగిన నల్లికి తిన్నది ఒంటబట్టదు, గుడ్లు తగ్గుతాయి, కొన్ని చనిపోతాయి. టమాటా విషయంలో ఈ వ్యవస్థ ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి జాస్మోనిక్ ఆమ్లాన్ని సరిగా తయారుచేసుకోలేని ఒక ఉత్పరివర్తిత టమాటా ఎంతో ఉపకరించింది. మామూలు టమాటా మీద తడబడే నల్లి ఆ మొక్క మీద హాయిగా వర్ధిల్లితే, దాన్ని ఆపుతున్నది ఈ హార్మోను నడిపే రక్షణేనని తేలుతుంది.

2008లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఇక్కడే ఒక కొత్త విషయాన్ని బయటపెట్టింది. ఒకే జాతికి చెందిన ఎర్రనల్లుల్లో మూడు నడతలు కనిపించాయి. మొదటి రకం నల్లి మొక్క రక్షణను రేపుతుంది, ఆ రక్షణకు తానే బలి అవుతుంది. రెండో రకం కూడా రక్షణను రేపుతుంది కానీ దానికి చలించదు. ఆకులో నిరోధకాలు నిండుగా ఉన్నా దాని గుడ్లు తగ్గవు. మూడో రకం రక్షణను పూర్తిగా లేవనివ్వకుండా అణచివేస్తుంది. మీ రెండు చోట్లలో ఒకదానికి మొదటి రకం, మరోదానికి రెండో రకమో మూడో రకమో చేరి ఉంటే, వంగడం ఒకటే అయినా మీరు చూసిన ఫలితం వస్తుంది. చూడకుండా ఏది చేరిందో నేను చెప్పలేను. కానీ ‘ఎర్రనల్లి టమాటాను ఇలా దెబ్బతీస్తుంది’ అని జాతి మొత్తానికి ఒకే వాక్యం రాసే అలవాటును మనం మానుకోవలసిన అవసరం ఉందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: ఇది నిజంగా వంశపారంపర్యమేనా? ఒక మొక్క మీద పుట్టి పెరిగిన నల్లి ఆ మొక్కకు అలవాటు పడటమే కావచ్చు కదా?

జవాబు: చాలా సరైన అనుమానం. అలవాటు అనేది నిజంగానే ఉంది. తల్లి తిన్న ఆకు ప్రభావం పిల్లల మీద కూడా పడుతుంది. చిక్కుడు మీద బలంగా పెరిగిన తల్లి పెట్టిన గుడ్లకూ, టమాటా మీద నీరసించిన తల్లి పెట్టిన గుడ్లకూ మొదటి నుంచే తేడా ఉండవచ్చు. అందుకే జాగ్రత్తగా చేసే ప్రయోగాల్లో పోల్చదలచిన నల్లులన్నింటినీ ముందుగా ఒకే రకం మొక్క మీద, సాధారణంగా చిక్కుడు మీద, ఒకటి రెండు తరాలు పెంచుతారు. ఆ తర్వాత ఒకే వయసున్న ఆడనల్లులను ఎంచి, పరీక్షించే మొక్క ఆకు మీద ఉంచి, కొన్ని రోజుల్లో ఎన్ని గుడ్లు పెట్టాయో, ఎన్ని బతికాయో లెక్కిస్తారు. పెంపకం తేడాలు ఇలా తుడిచిపెట్టిన తర్వాత కూడా నిలిచే తేడాను వారసత్వంగా వచ్చినదిగా పరిగణిస్తారు.

నల్లి సంతానోత్పత్తి పద్ధతి ఈ పనికి బాగా అనువుగా ఉంటుంది. ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి మగనల్లి, ఫలదీకరణం చెందిన గుడ్డు నుంచి ఆడనల్లి పుడతాయి. అంటే మగవాటిలో మూడు క్రోమోజోములు ఒక్కో ప్రతిగా, ఆడవాటిలో రెండేసి ప్రతులుగా ఉంటాయి. పరిశోధకులు దీన్ని ఒక నేర్పుగా వాడుకుంటారు. చివరిసారి కుబుసం విడవబోతూ కదలకుండా ఉన్న ఆడ పిల్లనల్లిని సన్నని కుంచెతో తీసి ఒంటరిగా ఒక ఆకు ముక్క మీద ఉంచుతారు. అది మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, అన్నీ మగవే పుడతాయి. ఆ కొడుకుల్లో ఒకటి పెద్దదయ్యే వరకు తల్లిని చల్లని చోట ఉంచి, వయసు మీరకుండా చూసి, తర్వాత ఆ తల్లితోనే జత కట్టిస్తారు. కొన్ని తరాలు ఇలా చేస్తే జన్యుపరంగా దాదాపు ఏకరూపమైన వంశం చేతికి వస్తుంది. అటువంటి వంశాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రక్షణను రేపడం, తట్టుకోవడం, అణచడం అనేవి తరం తర్వాత తరం నిలకడగా కొనసాగితే, అది అలవాటు కాదని నమ్మడానికి ఆధారం దొరుకుతుంది. మగనల్లిలో ప్రతి జన్యువూ ఒకే ప్రతిగా ఉండటం వల్ల, లోపల దాగి ఉండిపోయే లక్షణం కూడా మగవాటిలో బయటపడుతుంది, ఎంపికకు లోనవుతుంది. ఎర్రనల్లి కొత్త మొక్కలకు, కొత్త మందులకు త్వరగా మలచుకోవడానికి ఇది ఒక కారణం. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి రెండు వారాలు కూడా పట్టకపోవడం మరో కారణం.

ప్రశ్న: అంత చిన్న ప్రాణి మొక్క రక్షణను ఎలా అణచగలుగుతుంది?

జవాబు: లాలాజలంలోని మాంసకృత్తుల ద్వారా. మొక్కలకు సోకే బ్యాక్టీరియా, ఫంగస్‌లు ఇలాంటి మాంసకృత్తులను వాడతాయని ముందే తెలుసు. నల్లులూ వాడతాయని తేలింది ఆ తర్వాతే. 2016లో ఎర్రనల్లి నుంచి, దాని దగ్గరి బంధువైన టెట్రానికస్ ఎవాన్సీ నుంచి లాలాజలంలోని రెండు రకాల మాంసకృత్తుల జన్యువులను వేరుచేసి, వాటిని పొగాకు జాతికి చెందిన ఒక ప్రయోగశాల మొక్క ఆకుల్లో తాత్కాలికంగా పనిచేయించారు. నల్లి లేకుండానే, ఆ మాంసకృత్తులు మాత్రమే ఉన్న ఆకులో సాలిసిలిక్ ఆమ్లం మీద ఆధారపడే రక్షణ తగ్గింది. వాటిలో చాలావరకు నల్లుల సంతానోత్పత్తిని కూడా పెంచాయి.

ఇందులో నన్ను ఎంతగానో ఆకట్టుకున్నది అణచివేత ఏ దశలో జరుగుతుందన్న విషయం. జాస్మోనిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం అనే రెండు సంకేతాలూ ఒకదాన్నొకటి తగ్గించుకునే సందర్భాలు మొక్కల్లో ఉన్నాయి. కాబట్టి నల్లి ఒకదాన్ని రేపి దానితో రెండోదాన్ని అణచివేస్తుందేమోనని చాలాకాలం అనుకున్నారు. 2015లో టమాటా మీద జరిగిన పరిశోధన దీన్ని నిలువనివ్వలేదు. అణచివేసే నల్లులు పట్టిన ఆకుల్లో హార్మోన్లు పేరుకుంటూనే ఉన్నాయి, కానీ అవి మేల్కొలపవలసిన రక్షణ జన్యువులు మాత్రం తగినంతగా పనిచేయలేదు. అంటే హార్మోను తయారైన తర్వాత, ఆదేశం జన్యువు వరకు చేరే మార్గంలో అడ్డుకట్ట పడుతోంది. ఆ అడ్డుకట్ట రెండు హార్మోన్ల పరస్పర పోటీ వల్ల వచ్చినది కాదు. ఆకులో హార్మోను ఎంత ఉందో కొలిచి ‘మొక్క బాగానే పోరాడుతోంది’ అని నిర్ధారించుకుంటే తప్పుదారి పట్టవచ్చని ఇది హెచ్చరిస్తోంది.

ఇంకా ముందుకెళ్లినది టెట్రానికస్ ఎవాన్సీ. దక్షిణ అమెరికాలో పుట్టి, తర్వాత ఆఫ్రికాకు, మధ్యధరా ప్రాంతానికి విస్తరించిన ఈ నల్లి పట్టిన టమాటా ఆకుల్లో జీర్ణక్రియను అడ్డుకునే నిరోధకాలు, నల్లి అసలే లేని మొక్కలో ఉండే స్థాయి కంటే కూడా కిందికి పడిపోతాయని 2011లో చూపించారు. ముందుగా దాడికి గురైన మొక్క మీద ఈ నల్లి తాజా మొక్క మీద కంటే చాలా బాగా పెరుగుతుంది. మొక్కను ఒకసారి కొరికితే అది మరింత గట్టిపడుతుందన్న సాధారణ భావన దీని విషయంలో తలకిందులైంది.

ప్రశ్న: అణచివేత ఇంత లాభసాటి అయితే, నల్లులన్నీ ఆ రకానికే ఎందుకు మారిపోలేదు? ప్రకృతి ఎంపిక బలహీనమైన రకాన్ని ఎందుకు తుడిచిపెట్టలేదు?

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నింటిలోనూ నాకు అత్యంత ఇష్టమైనది ఇదే.

మొదటి కారణం లాభం ఎవరికి చేరుతుందన్నది. రక్షణ అణగిన ఆకు ఉమ్మడి ఆస్తి. అణచివేసిన నల్లి శ్రమించి మెత్తబరిచిన ఆకును, రక్షణకు లొంగిపోయే రకం నల్లి వచ్చి పక్కనే కూర్చుని తినవచ్చు. ఆ నల్లి కూడా అక్కడ ఎక్కువ గుడ్లు పెడుతుంది. టెట్రానికస్ ఎవాన్సీ పట్టిన టమాటా మీద దాని పోటీదారైన ఎర్రనల్లి మెరుగ్గా బతకడాన్ని ప్రయోగాల్లో గమనించారు. అయితే టెట్రానికస్ ఎవాన్సీ ఊరికే ఉండదు. తన గుంపు చుట్టూ దట్టమైన గూడు అల్లుతుంది, పోటీదారు ఉన్నప్పుడు దాన్ని ఇంకా పెంచుతుంది, ఆ పోగుల మధ్య ఎర్రనల్లి సులువుగా కదలలేదు. తాను సంపాదించినది తన సంతానానికే దక్కేలా కాపాడుకోవడానికి పోగు ఖర్చు పెట్టవలసి వస్తోందన్నమాట. ఒకే ఆకు మీద ఒకే తల్లి పిల్లలు గుంపుగా ఉన్నప్పుడు అణచివేత ఫలం వంశంలోనే ఉంటుంది. ఎక్కడెక్కడి నల్లులో కలిసి ఉన్నప్పుడు పరుల పాలవుతుంది. కాబట్టి ఏ నడత నెగ్గుతుందన్నది ఆకు మీద ఎవరు ఎవరితో కలిసి ఉన్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

రెండో కారణం మొక్కల వైవిధ్యం. ఎర్రనల్లి 1,100కు పైగా మొక్క జాతుల మీద బతుకుతుందని లెక్క. ఒక్కో మొక్క కుటుంబం ఒక్కో రసాయనాన్ని ఆయుధంగా వాడుతుంది. టమాటా మీద చక్కగా పనిచేసే లాలాజల మాంసకృత్తు మరో కుటుంబపు మొక్క మీద పనిచేయాలన్న నియమం లేదు; ఒక్కోసారి ఆ మొక్కకు నల్లిని పట్టిచ్చే గుర్తుగా కూడా మారవచ్చు. నల్లి తన ఇష్టప్రకారం నడిచి మొక్కను ఎంచుకోగలిగిన దూరం చాలా తక్కువ; ఆపైన గాలి ఎటు తీసుకెళితే అటే. ఏ మొక్క మీద పడుతుందో తెలియని ప్రాణికి ఒకే మొక్కకు తగిన నైపుణ్యం అన్ని వేళలా లాభం కాదు. గాలితో వచ్చిపడే కొత్త నల్లులు పాత గుంపులో కలిసిపోతూ ఉండటం వల్ల కూడా వైవిధ్యం తిరిగి నిండుతూనే ఉంటుంది.

రక్షణను అణచకుండా తట్టుకునే రెండో రకాన్ని కూడా మరవకూడదు. ఆ నల్లి మొక్కలో నిరోధకాలను నింపేస్తుంది, తాను మాత్రం చెక్కుచెదరదు. ఆ ఆకు దాని పోటీదారులకు పనికిరాకుండా పోతుంది. లొంగిపోయే నల్లుల మధ్య ఇది పెద్ద అనుకూలత. తట్టుకునేది ఆకును ఇతరులకు చెడగొడుతుంది, అణచివేసేది ఇతరులకు బాగుచేస్తుంది. ఈ రెండూ ఎదురెదురైన చోట ఫలితం ఒకే తీరుగా ఉండదు.

ప్రశ్న: రక్షణను తట్టుకునే నల్లి విషాన్ని ఎలా విరిచేస్తుంది? పురుగుమందులకు అది లొంగకపోవడానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. 2011లో వెలువడిన ఎర్రనల్లి జన్యుక్రమం సుమారు 9 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల పొడవుంది. సంధిపాదుల్లో, అంటే పురుగులు, నల్లుల వంటి కీళ్ల కాళ్ల ప్రాణుల్లో, అప్పటి వరకు చదివిన వాటిలో అదే అతి చిన్నది. అయినా విషాలను మార్చే, బయటకు నెట్టే మాంసకృత్తుల జన్యు కుటుంబాలు అందులో విస్తారంగా పెరిగి ఉన్నాయి. కొన్ని జన్యువులు బ్యాక్టీరియా, ఫంగస్‌ల నుంచి వచ్చి చేరినవి. మొక్కలు విడుదల చేసే సైనైడును హాని లేని పదార్థంగా మార్చే ఒక ఎంజైము జన్యువు బ్యాక్టీరియా నుంచి వచ్చినదే. చిక్కుడు నుంచి టమాటాకు మార్చి కొన్ని తరాలు పెంచిన నల్లుల్లో ఏ జన్యువుల చురుకుదనం మారిందో 2013లో పరిశీలించినప్పుడు, ఆ మార్పులు అనేక పురుగుమందులకు లొంగని నల్లుల్లో కనిపించే మార్పులను పోలి ఉన్నాయి. 90కి పైగా మందు రసాయనాలకు ఎక్కడో ఒకచోట నిరోధకత చూపిన జాతి ఇది. మొక్కల విషాలతో తరతరాలుగా సాగిన పోరాటమే దాన్ని ఇందుకు ముందుగా సిద్ధం చేసిందని భావించడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి.

ప్రశ్న: మొక్కల్లోనూ ఇలాంటి తేడాలు ఉంటాయి కదా? నల్లిని తట్టుకునే వంగడాన్ని తయారుచేస్తే సమస్య తీరదా?

జవాబు: మొక్కల్లో తేడాలు నిస్సందేహంగా ఉన్నాయి. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో ఒకే జాతికి చెందిన వేర్వేరు ప్రాంతాల రకాలను పరీక్షిస్తే కొన్నింటి మీద నల్లి బాగా పెరిగింది, కొన్నింటి మీద కుంగిపోయింది. ఆవ కుటుంబపు ఘాటుకు కారణమైన గ్లూకోసినోలేట్లలో ఒక వర్గం అక్కడ ముఖ్య పాత్ర వహిస్తుందని 2014లో తేలింది. దోస కథ ఇంకా పాతది, ఇంకా ఆలోచింపజేసేది. చేదు దోసలో ఉండే కుకుర్బిటాసిన్లు ఎర్రనల్లిని తట్టుకోవడానికి తోడ్పడతాయి, కానీ అదే చేదు ఒక జాతి పెంకుపురుగును రప్పిస్తుంది. చేదును తొలగించే జన్యువు ఉన్న మొక్కను పెంకుపురుగు వదిలేస్తే నల్లి పట్టుకుంటుంది. ఒకే జన్యువు రెండు శత్రువుల విషయంలో రెండు విధాలుగా పనిచేస్తుందని 1971లోనే ప్రచురించారు. ఎనిమిదేళ్ల తర్వాత, నల్లిని తట్టుకుంటుందనుకున్న దోస మీద పెంచుతూ పోతే ఎర్రనల్లి త్వరలోనే ఆ మొక్కకు మలచుకుంటుందని మరో ప్రయోగం చూపింది.

అందుచేత ‘ఈ వంగడం నల్లిని తట్టుకుంటుంది’ అన్న ప్రకటన వినగానే, ఏ నల్లి మీద పరీక్షించారని అడగడం నా దృష్టిలో మొదటి పని. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి చిక్కుడు మీద పెంచిన, మొక్క రక్షణకు సులువుగా లొంగే ఒక్క వంశంతో పరీక్షిస్తే ఏ వంగడమైనా గొప్పగానే కనిపిస్తుంది. అణచివేసే వంశాన్నీ, తట్టుకునే వంశాన్నీ కూడా దాని మీద వదిలి చూడాలి. రక్షణ హార్మోను మీద మాత్రమే ఆధారపడిన వంగడం అణచివేసే నల్లి ముందు నిలవకపోవచ్చు. ఆకు మీది గ్రంథుల నూగు నుంచి వచ్చే జిగురు, విష పదార్థాలు అడవి టమాటాల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నల్లి కొరికే వరకు ఆగవు. అటువంటి రక్షణను లాలాజలంతో ముందుగా నిలువరించడం కష్టం కాబట్టి, రెండింటినీ కలపడం మంచి దారి అని నా అభిప్రాయం.

ప్రశ్న: నల్లులను తినే మిత్ర నల్లులను వదిలితే ఈ తేడాలతో పని ఉండదు కదా?

జవాబు: కొంతవరకే. నల్లి పట్టిన మొక్క ప్రత్యేకమైన వాసనలు వెదజల్లుతుంది. ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే పరభక్షక నల్లి ఆ వాసనను పట్టుకుని ఎర నల్లి ఉన్న చోటికి చేరుతుంది. టెట్రానికస్ ఎవాన్సీ అణచివేసేది ఆకులోని నిరోధకాలనే కాదు, ఈ వాసనలను కూడా. కాబట్టి వేటాడే నల్లికి దారి చూపే సంకేతం బలహీనపడవచ్చు. పైగా దట్టమైన గూడు ఉన్న చోట వేటాడటం చాలా రకాల పరభక్షక నల్లులకు కష్టం. మిత్ర నల్లులను వదలడం మానమని నేను అనడం లేదు. అవి చాలాచోట్ల ఎంతో మేలు చేస్తున్నాయి. అయితే అవి ఆశించినట్టు పనిచేయని చోట మందుల అవశేషాలను, వేడిని పరిశీలించడంతోపాటు ఆకు మీద ఉన్నది ఏ నల్లి, ఏ వంశం అని కూడా చూడాలి.

ప్రశ్న: భూతద్దంతో చూసి అణచివేసే నల్లిని గుర్తుపట్టవచ్చా? కొన్ని ఎర్రగా, కొన్ని ఆకుపచ్చగా కనిపిస్తాయి కదా?

జవాబు: గుర్తుపట్టలేము. ఎర్రనల్లిలో ఎర్రని, ఆకుపచ్చని రూపాలు రెండూ ఉన్నాయి, కానీ రంగును బట్టి రక్షణతో దాని నడతను చెప్పడానికి వీలులేదు. మొక్క చేతే చెప్పించాలి. నల్లులను మామూలు టమాటా ఆకు మీద, జాస్మోనిక్ ఆమ్లం తయారుచేసుకోలేని టమాటా ఆకు మీద విడివిడిగా ఉంచి గుడ్లు లెక్కిస్తే, రెండో ఆకు మీద మాత్రమే గుడ్లు బాగా పెరిగినవి రక్షణకు లొంగే రకం. రెండింటి మీదా గుడ్లు సమానంగా ఉంటే అది తట్టుకునే రకమో, అణచివేసే రకమో తేల్చుకోవడానికి మామూలు టమాటా ఆకులో రక్షణ జన్యువుల చురుకుదనాన్ని కొలవాలి. అది ఎక్కువగా ఉంటే తట్టుకునే నల్లి, తక్కువగా ఉంటే అణచివేసే నల్లి.